గుంజాల గోండి లిపి: మనోళ్లు రాసుకున్న రాత



ఇది కొంచెం పొడుగు పోస్టు. తీరిక చూసుకొని చదవండి. తప్పులుంటే కామెంట్ల సరిచేయండి, నేనేం అనుకోను. నేను ఇంకా నేర్చుకుంటున్నోణ్ణే.

ముందుగా ఈ ముచ్చట ఎక్కడ మొదలైందో చెప్తా. నేను హసన్‌పర్తిలో హాస్టల్ల ఉండి డిగ్రీ చదువుతున్న. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. రోజూ రాత్రి అన్నం తినే ముందు మా నానమ్మతోని ఫోన్ల కోయల మాట్లాడుత. ఒకరోజు పక్కన లైన్ల నిలబడ్డ దోస్తు విని, "ఇదేం భాషరా?" అన్నడు. కోయ అని చెప్పిన. "ఏదీ, ఒక మాట రాసి చూపియ్యి" అన్నడు. నోటుబుక్కు అట్ట మీద "ఏర్" అని రాసిన. ఏర్ అంటే మాకు నీళ్లు. వాడు చూసి నవ్విండు. "ఇవి తెలుగు అక్షరాలే కదా. లిపే లేకపోతే అది భాష ఎట్లయితది?"

వాడు చెడ్డోడు కాదు. ఎగతాళి చేద్దామని కూడా అనలేదు. చిన్నప్పటి నుంచి విన్నదే అన్నడు. కానీ నా దగ్గర జవాబు లేదు. తిని, ప్లేటు కడుక్కొని వచ్చి పడుకున్న. మీలో చాలామందికి ఇట్లాంటి రోజు ఒకటి వచ్చే ఉంటది. కోయ అయినా, గోండు అయినా, కొలామ్ అయినా, లంబాడీ అయినా ఈ ప్రశ్న అందరికీ ఒక్కటే.

ఆ వారమే ఆదివారం నాడు బస్సెక్కి హనుమకొండ పోయిన. వేయిస్తంభాల గుడికి ఇంతకుముందు పోయిన గానీ అక్కడి శాసనాన్ని ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. అది 1163లో కాకతీయ రుద్రదేవుడు వేయించిన శాసనం. కాకతీయులు చాళుక్యుల కింద సామంతులుగా ఉండుడు మానేసి సొంతంగా రాజ్యం ఏలుతున్నరని చరిత్ర పుస్తకాలు ఈ శాసనాన్ని పట్టుకునే చెప్తయి. దగ్గరికి పోయి చూస్తే అక్షరాలు గుండ్రంగా, వరుసగా ఉన్నయి. ఒకటి రెండు పోల్చుకున్న. మిగతావి రాలేదు. అది తెలుగు, కన్నడ అక్షరాలు ఇంకా విడిపోని కాలపు లిపి. ఇంకో సంగతి ఏందంటే, లిపి అది గానీ భాష సంస్కృతం.

అక్కడ నిలబడి ఉండంగ రెండు ఆలోచనలు వచ్చినయి.

మొదటిది: నా దోస్తు మాట తప్పు. లిపి వేరు, భాష వేరు. తెలుగు-కన్నడ లిపిలో సంస్కృతం రాసిండ్రు కదా, దాంతో సంస్కృతం భాష కాకుండ పోయిందా? హిందీ, మరాఠీ, నేపాలీ మూడూ దేవనాగరిలోనే రాస్తరు. ఇంగ్లీషు రాసే అక్షరాలు రోమనులవి. అప్పు తెచ్చుకున్న అక్షరంతో రాసినంత మాత్రాన భాష అప్పుది కాదు. మీకు ఎవరైనా ఈ మాట అంటే ఇదే జవాబు చెప్పండి.

రెండోది కొంచెం బరువైంది. రుద్రదేవుని గురించి చెప్పనీకి రాయి ఉంది. అదే కాకతీయుల వంశంలో తర్వాత వచ్చిన ప్రతాపరుద్రుని కాలంలో కరువు వచ్చి కప్పం కట్టలేమన్నందుకు సైన్యం వచ్చిందని, సమ్మక్క, సారలమ్మ, జంపన్న ఎదురు నిలబడ్డరని మా పెద్దలు చెప్తరు. దానికి రాయి లేదు. దాన్ని డోలీలు పడిగె విప్పి పాడుతరు. పడిగె అంటే బొమ్మలు వేసిన గుడ్డ. ఆ కథ పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, మీకు తెలుసు. రెండేండ్లకొకసారి మేడారానికి లక్షల మంది వస్తరు. అయినా పరీక్షల్ల రాసేటప్పుడు కాకతీయులది "చరిత్ర", మనది "ఐతిహ్యం" అయితది. రాత ఉన్నోని మాట సాక్ష్యం, రాత లేనోని మాట కథ. ఇది నాకు చాలా రోజులు మనసుల మెదిలింది.

అట్లా వెతుకుతుంటే గుంజాల దొరికింది.

గుంజాల అనేది ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలో ఒక గోండు పల్లె. 2006లో అక్కడ గోండి భాషలో రాసిన చేతిరాత పుస్తకాలు బయటపడ్డయి. అవి తెలుగు అక్షరాలు కావు, దేవనాగరి కాదు. వేరే లిపి. ఆచార్య జయధీర్ తిరుమలరావు, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని దళిత ఆదివాసీ అధ్యయన అనువాద కేంద్రం వాళ్లు వాటి మీద పని చేసిండ్రు. ఆ రాతలు సుమారు 1750 నాటివని పరిశోధకులు అంచనా కట్టిండ్రు. అందుల వారాల పేర్లు, నెలల పేర్లు, పండుగలు, లెక్కల అంకెలు ఉన్నయి. చంద్రపూర్ గోండు రాజుల ముచ్చట కూడా ఉంది. దాన్ని చదవగలిగిన పెద్దమనుషులు ఆ ఊర్ల అప్పటికి కొద్దిమందే మిగిలిండ్రు. వాళ్లు కూడా లేకపోయి ఉంటే ఆ పుస్తకాలు ఉన్నా మనకు అవి గీతలే. చదివే మనిషి ఉన్నప్పుడే అది రాత.

ఇప్పుడు ఆ లిపి ఎట్లా ఉంటదో చెప్తా. ఎడమ నుంచి కుడికి రాస్తరు. తెలుగులో లాగానే ప్రతి హల్లులో "అ" దాగి ఉంటది, గుణింతం గుర్తులు పెడితే అది ఆ, ఇ, ఈ అయి మారుతది. హల్లుకు హల్లు కలిపి రాసే పద్ధతి ఉంది. సొంత అంకెలు ఉన్నయి, సున్నా నుంచి తొమ్మిది దాకా. అంటే ఇది బ్రాహ్మీ నుంచి వచ్చిన మన దేశపు లిపుల కుటుంబంలోదే. కొన్ని అక్షరాలు చూస్తే పక్క లిపుల్లోని అదే శబ్దపు అక్షరాన్ని గుర్తు చేస్తయి. ఇందులో సిగ్గుపడేది ఏం లేదు. తెలుగు కూడా బ్రాహ్మీ పిల్లే.

కానీ ఒక సంగతి చూసి నేను ఆగిపోయిన. అక్షరాల వరుస. మనం బడిలో క, ఖ, గ, ఘ అని మొదలుపెడతం. గొంతు దగ్గర పుట్టే శబ్దంతో మొదలై పెదాల దాకా వచ్చే వరుస అది, సంస్కృత వ్యాకరణం వాళ్లు కట్టింది. దేశంలో చాలా లిపులు దాన్నే పాటిస్తయి. గుంజాల లిపిలో హల్లులు "య"తో మొదలైతయి. య, వ, బ, భ, మ, ఆ తర్వాత క, ఖ, త, థ, ల, గ, ఘ... ఇట్లా పోతది. "క" ఆరో చోట ఉంది!

నాకు దీన్ని బట్టి ఏమనిపించిందంటే, పండితుల బడికి పోయి నేర్చుకున్నోళ్లు అయితే అదే వరుస తెచ్చుకునేటోళ్లు. వీళ్లు తమ వరుస తాము పెట్టుకున్నరు. దాన్ని అట్లనే తర్వాతి వాళ్లకు అప్పజెప్పిండ్రు. అక్షరాల రూపం చుట్టుపక్కల వాళ్లతోని కలిసినా, వరుస మాత్రం ఇంటిది. ఎవరో చెప్తే కాపీ కొట్టిన రాత కాదిది.

అక్షరాల రూపం ఎట్లా వస్తదో తెలుసుకోవాలంటే కొంచెం బయటి దేశం కూడా చూడాలె. తెలుగు అక్షరాలు ఎందుకు గుండ్రంగా ఉన్నయి? తాటాకు మీద ఇనుప గంటంతో అడ్డంగా నిలువుగా గీతలు గీస్తే ఆకు చీలుతది, అందుకే రాతగాళ్ల చెయ్యి గుండ్రానికి అలవాటు పడ్డదని చెప్తరు. చైనాలో ఇంకో తీరు. క్రీస్తుపూర్వం 221లో చిన్ చక్రవర్తి దేశాన్ని ఒక్కటి చేసి, దేశమంతా ఒక్కటే లిపి వాడాలె అన్నడు. దాన్ని ముద్రల లిపి అంటరు. మెలికలు తిరిగి చూడనీకి అందంగా ఉంటది, రాయనీకి మాత్రం చాలా సేపు పడుతది. కచేరీల్లో చిన్న ఉద్యోగులకు దినమంతా రాతపనే. పన్నుల లెక్కలు, నేరాల వివరాలు, ధాన్యం కొలతలు అన్నీ వెదురు బద్దల మీద కుంచెతో రాయాలె. అంత మెలికలు తిప్పే తీరిక ఎవనికుంది? వంపులు విరిచి సాఫు గీతలు చేసిండ్రు. అక్షరం వెడల్పుగా, పొట్టిగా అయింది. అడ్డగీత చివర ఊడ్చినట్టు పైకి లేస్తది. దాని పేరే "లీషు", అంటే గుమాస్తాల రాత. 1975లో షుయ్‌హుదీ అనే చోట చిన్ కాలపు గుమాస్తా ఒకరి సమాధిలో వెయ్యికి పైగా వెదురు బద్దలు దొరికినయి. వాటి మీద ఉన్నది ఈ మార్పు జరుగుతున్నప్పటి రాతే. తర్వాత హాన్ రాజుల కాలంలో అదే పెద్ద లిపి అయింది. ఇప్పుడు చైనావాళ్లు రాసే అక్షరాల రూపం ఆ గుమాస్తాల చేతుల నుంచి వచ్చిందే.

ఇది ఎందుకు చెప్తున్నంటే, లిపిని పుట్టించేది, మార్చేది ఎప్పుడూ రాజులు, పండితులే కాదు. పని చేసే చెయ్యి. కానీ గుమాస్తాల రాతకు ఒక బలం ఉంది. దాని వెనక రాజ్యం ఉంది. రోజూ ఆ రాత అవసరం ఉంది. గుంజాల లిపికి ఆ బలం లేకుండ పోయింది. చంద్రపూర్ను ఏలిన గోండు రాజ్యం 1751లో నాగ్‌పూర్ భోంస్లేల చేతిలోకి పోయింది. ఆ పుస్తకాలు రాసిండ్రని చెప్పే కాలం కూడా దాదాపు అదే. ఆ తర్వాత మన అడవి మీద వచ్చిన ప్రతి కచేరీ వేరే భాషలో, వేరే లిపిలో నడిచింది. మరాఠీ, ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు. పట్టా కాగితం మన భాషలో రాలేదు. అడవి కేసు కాగితం మన భాషలో రాలేదు. లిపి కచేరీకి పనికిరాకపోతే ఇంట్ల పెట్టెల మిగుల్తది. రెండు తరాలు దాటితే ఆ పెట్టె ఎందుకున్నదో కూడా మర్చిపోతరు.

ఒక్క ఉదాహరణ చెప్తా. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము అమరుడైన తర్వాత నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను ఆదిలాబాద్ గోండుల దగ్గరికి పంపింది. ఆయన మంచి పని చేసిండు, కాదనను. 1943లో మార్లవాయిలో గోండు పిల్లలకు బడి, గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది. గోండి భాషలోనే వాచకాలు చేసిండ్రు. ఏ లిపిలో అనుకున్నరు? దేవనాగరిలో. గోండికి లిపి లేదనే అప్పటి లెక్క. అదే ఉట్నూరు ప్రాంతంలో, అంత దూరం కాని గుంజాలలో, గోండి రాత ఇండ్లల్లనే ఉంది. అడిగినోళ్లు లేరు, చెప్పినోళ్లు లేరు. ఇంకా అరవై ఏండ్లు అట్లనే ఉండిపోయింది.

ఇక్కడ ఒక గందరగోళం తీర్చాలె. మన గ్రూపుల చాలామంది "గోండి లిపి" అని ఒక్కటే అనుకుంటున్నరు. రెండు ఉన్నయి. ఒకటి మసారం గోండి లిపి. దాన్ని మధ్యప్రదేశ్ బాలాఘాట్ జిల్లాకు చెందిన మున్షీ మంగల్ సింగ్ మసారం 1918లో తయారు చేసిండు. రెండోది మన గుంజాల లిపి. రెండింటికీ సంబంధం లేదు. మసారం లిపి యూనికోడ్‌లోకి 2017లో వచ్చింది, గుంజాల లిపి 2018 జూన్‌లో వచ్చింది. మొత్తం 63 గుర్తులు. యూనికోడ్ అంటే ప్రపంచంలోని ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ ఒప్పుకున్న అక్షరాల పట్టిక. అందులో చోటు దొరికితే ఆ అక్షరాన్ని ఫోటోగా కాకుండ అక్షరంగానే పంపొచ్చు, వెతకొచ్చు. గూగుల్ నోటో ఫాంట్లలో గుంజాల గోండికి ఫాంట్ ఉంది, ఉచితం. గుంజాల పెట్టెలో దాగిన "య" ఇప్పుడు ప్రపంచంలో ఏ మూలనైనా టైపు చేయొచ్చు.

2017లో మసారం లిపితో పాటే యూనికోడ్‌లోకి వచ్చిన ఇంకో లిపి గురించి చదివి నాకు చాలా బాధ, చాలా ధైర్యం రెండూ కలిగినయి. దాని పేరు నూషు. అంటే ఆడోళ్ల రాత. చైనాలో హునాన్ రాష్ట్రం జియాంగ్‌యోంగ్ అనే చోట పల్లెటూరి ఆడవాళ్లు దాన్ని వాడేటోళ్లు. ఆడపిల్లలకు బడి లేదు, మగవాళ్ల లిపి నేర్పరు. వాళ్లు ఆ పెద్ద లిపి అక్షరాలనే సన్నగా, ఏటవాలుగా మార్చుకొని, శబ్దాన్ని బట్టి రాసుకునే తమ లిపి చేసుకున్నరు. విసనకర్రల మీద, రుమాళ్ల మీద, గుడ్డ అట్టలు వేసిన చిన్న పుస్తకాల్లో రాసేటోళ్లు. స్నేహితురాలికి పెండ్లయితే మూడో రోజు అట్లాంటి పుస్తకం పంపేటోళ్లు. అందులో పాటలు, దుఃఖం, దీవెనలు. బయటి పండితులకు దాని సంగతి 1980లలో గానీ తెలియలేదు. సహజంగా ఆ రాతలో పెరిగిన చివరి మనిషి అని చెప్పే యాంగ్ హువాన్‌యి 2004లో చనిపోయింది. ఇప్పుడు నూషుకు మ్యూజియం ఉంది, నేర్పే తరగతులు ఉన్నయి. కానీ పెండ్లయిన దోస్తుకు రాసే ఆడపిల్ల లేదు.

గుంజాలకు కూడా ఆ గతి పట్టొద్దనేదే నా ఆరాటం. ఆ పుస్తకాలు వెలుగులోకి వచ్చినంక ఆ ఊర్ల పిల్లలకు లిపి నేర్పనీకి వాచకం తయారైంది, పెద్దలు నేర్పిండ్రు. అది సంతోషం. కానీ వాచకంతోని ఆగితే లిపి బతకదు. దాంతో రోజువారీ పని ఉండాలె. సంతాలీ వాళ్లను చూడండి. రఘునాథ్ ముర్ము 1925లో ఓల్ చికి లిపి చేసిండు. ఊరూరా తిరిగిండు, నాటకాలు రాసిండు, బడులు పెట్టించిండు. 2003లో సంతాలీ ఎనిమిదో షెడ్యూల్‌లో చేరింది. గోండి మాట్లాడేటోళ్లు 2011 జనాభా లెక్కల ప్రకారం 29 లక్షలకు పైనే ఉన్నరు. గోండి ఇంకా ఆ షెడ్యూల్‌లో లేదు. ఇది లిపి ఒక్కటే తెచ్చే హక్కు కాదు, కొట్లాడి తెచ్చుకునేది. కానీ కొట్లాటలో రాత ఒక ఆయుధం.

ఇంకో మాట, కోపం తెచ్చుకోవద్దు. మన గ్రూపుల్లో "ప్రపంచంలోనే మొదటి లిపి మనదే", "అన్ని భాషలూ మన నుంచే పుట్టినయి" అని మెసేజీలు తిరుగుతున్నయి. దయచేసి వాటిని ఫార్వర్డ్ చేయకండి. రుజువు లేని పెద్ద మాట అంటే, రుజువున్న మన చిన్న మాటను కూడా నమ్మరు. 1750 నాటి చేతిరాత పుస్తకం మనకుంది. అది తక్కువ కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్తేనే గట్టిగా నిలబడుతది.

నేను కోయోణ్ణి, గోండును కాదు. గుంజాల లిపి నాది అని చెప్పుకుంటే అబద్ధమైతది. కోయ, గోండి అక్కచెల్లెండ్ల లాంటి భాషలు. నీళ్లను వాళ్లూ ఏర్ అనే అంటరు. అయినా మా వైపు పడిగెలు ఉన్నయి, పాటలు ఉన్నయి, అట్లాంటి పుస్తకాలు లేవు. మరి నేనేం చేయాలె? మనం తెలుగు అక్షరంతోనే మొదలుపెట్టొచ్చు. గిడుగు రామమూర్తి పంతులు పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవం అని చేస్తం కదా. ఆయన సవర భాష నేర్చుకొని దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిండు. బయటి మనిషి మన భాష కోసం అంత చేస్తే, ఇంటి పిల్లలం మనం ఎంత చేయాలె?

అందుకే మూడు పనులు అడుగుతున్న.

ఒకటి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు పెద్దల పెట్టెల్లో, పటేల్ ఇండ్లల్లో, పూజారుల ఇండ్లల్లో పాత కాగితాలు, పుస్తకాలు, గుడ్డలు ఉన్నయేమో అడగండి. అనుమతి తీసుకొని ఫోటో తీయండి. వస్తువు మాత్రం తీసుకురావద్దు, ఎవరికీ అమ్మనీయొద్దు. అది ఆ ఇంటిది, ఆ ఊరిది.

రెండు. మీ నానమ్మ, తాత మాటలు రోజుకు ఐదు రాయండి. ఏ లిపి అయినా సరే. పక్కన అర్థం, ఊరి పేరు, తారీఖు వేయండి. ఏడాదికి పద్దెనిమిది వందల మాటలు అయితయి. అది నిఘంటువుకు పునాది.

మూడు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు గోండు తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ గ్రూపుల ఉన్నరు కదా. గుంజాల లిపి వచ్చినోళ్లు వారానికి ఐదు అక్షరాలు రాసి ఇక్కడ పెట్టండి. మేమూ నేర్చుకుంటం. మీ పేరు మీరు ఆ లిపిలో రాసుకోండి, నోటుబుక్కు మీద, సెల్లు కవరు మీద, బడి గోడ మీద. లిపికి కావాల్సింది మ్యూజియం కన్నా ముందు చెయ్యి.

నేను నా దోస్తుకు ఈ సంగతి చెప్పిన. ఫోన్ల గుంజాల అక్షరాలు చూపించిన. చాలాసేపు చూసిండు. "మరి మీ కోయకు?" అన్నడు. "మాకు ఇంకా దొరకలేదు. దొరికేదాకా దీంతోనే రాస్తా" అని అదే నోటుబుక్కు తీసి చూపించిన. అట్ట మీద ఉన్న "ఏర్" కింద ఇప్పుడు రెండు వందల పదకొండు మాటలు ఉన్నయి. అన్నీ మా నానమ్మ ఫోన్ల చెప్పినవే. మొదట్ల "ఇవన్నీ ఎందుకురా రాసుకుంటున్నవు?" అనేది. ఇప్పుడు నేను ఫోను చేయంగనే, "ఇయ్యాల ఇంకో మాట యాదికొచ్చింది, రాసుకో" అంటది.

జోహార్ కుమ్రం భీమ్. జోహార్ సమ్మక్క సారలమ్మ. జై ఆదివాసీ.